‘చాలు’ అనని మల్లప్ప

మల్లప్ప నోటికి ‘చాలు’ అనే మాట రాదు. ఎవరింట్లో ఏ పండుగకు కూర్చోబెట్టినా విస్తరి ముందు ఆయన అనేది ఒక్కటే: “జరంత ఎయ్.” అన్నం పెట్టినా ఇంకొంచెం, పులుసు పోసినా ఇంకొంచెం. నర్సింహ కూతురి పెళ్లిలో వడ్డించేవాడు ఒట్టి బకెట్ వంచి చూపిస్తే, “అడుగుకు అంటింది గీకి జరంత ఎయ్” అన్నాడని నకిరేకల్ చుట్టుపక్కల చాలాకాలం చెప్పుకున్నారు.

మనిషి ఆరడుగులు. గొర్రెల కాపరి. గొంగడి కప్పుకుని నిలబడితే ఆ నీడలో నాలుగు గొర్రెలు పడుకోవచ్చు. భార్య గోపమ్మ పిట్టంత మనిషి. ఆయన తిండి చూసి ఊరు నవ్వితే తానూ నవ్వేది గానీ, ఒక్క విషయం మాత్రం ఆమెకు తలవంపులుగా ఉండేది. దసరానాడు జమ్మి ఆకు పంచుతూ ప్రతి ఇంట్లో తిని, ఆఖరున ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ బాలనర్సమ్మ ఇంట్లో కూడా కుండ ఊడ్చి వచ్చేవాడు.

“ఉన్నోళ్ల ఇండ్లల్ల తిన్నది సాలదా? ఆ అవ్వ నోటికాడిది గూడ తినాల్నా?” అని గోపమ్మ ఏటా అడిగేది.

“పెట్టింది, తిన్న.” ఏటా ఇదే జవాబు.

పంతొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలంలో మోకాళ్లు మొరాయించాయి. మేతకు మందను కృష్ణానది ఒడ్డుకు తోలుకుపోయిన మనిషి ఎడ్లబండిలో తిరిగొచ్చాడు. గొర్రెల కాపరికి అంతకంటే నామోషీ లేదు. నకిరేకల్ డాక్టరు దగ్గరున్న తూకం మిషను మీద ఎక్కిస్తే ముల్లు చివరికంటా పోయి అక్కడే ఉండిపోయింది. ఆముదాల బస్తాలు తూచే కాంటా మీద నిలబెడితే నూట పద్దెనిమిది కిలోలు తేలాడు. కొత్తగా వచ్చిన కిలోల లెక్క గోపమ్మకు తెలియదు. “బస్తన్నర పైమాటే” అన్నాడు కాంటా మనిషి. అప్పుడు తెలిసి గుండె జారింది.

“ఇరవై కిలోలు తగ్గకపోతే మంద వెంట నడిచే మాట మరిచిపోవాలి” అని డాక్టరు హైదరాబాదు నుంచి గోలీలు తెప్పించి ఇచ్చాడు. పొద్దున ఒకటి వేసుకుంటే ఆకలి చచ్చిపోతుంది.

చచ్చిపోయింది. నాలుగోనాడు మల్లప్ప జొన్నరొట్టె ముందు పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. “ఏమే, ఆకలి యాడికి పోయిందే?” అని తప్పిపోయిన గొర్రెను అడిగినట్టు అడిగాడు. గోపమ్మ గోలీల సీసా కొంగున ముడేసుకుని తిరిగింది. దసరా ముందు ఇద్దరూ కాంటా ఎక్కి చూస్తే, ఆయన ఎనిమిది కిలోలు తగ్గాడు. ఇదే తీరుగా పోతే వచ్చే ఎండాకాలం మళ్లీ నడిచి కృష్ణ చేరతాడు. ఆమె ఆశంతా ఆ సీసాలోనే ఉంది.

అందుకే పండుగనాడు గోలీ మింగించి, ఎన్నడూ లేనిది తానూ వెంట బయలుదేరింది. “జరంత ఎయ్ అన్నవంటే సూడు మరి” అని ముందే చెప్పింది.

మొదట రఘుపతి ఇల్లు. ఆయన భార్య పుష్పమ్మ యాటకూర వడ్డించింది. మల్లప్ప ఒక ముక్క నమిలి, “సాలు వదినే” అన్నాడు.

పుష్పమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. “ఉప్పెక్కువైందా అన్నా?”

“లేదు.”

“మరి మా ఆయన ఏమన్న అన్నడా?”

మల్లప్పలాంటి మనిషి పండుగనాడు పెట్టింది వద్దన్నాడంటే మనసులో ఏదో పెట్టుకున్నాడనే ఆ ఊళ్లో లెక్క. అరుగు మీదున్న రఘుపతి లోపలికి వచ్చి, “మొన్న నీ గొర్రెలు చేన్ల పడ్డయని జర గట్టిగ మాట్లాడిన. తప్పు నాదే తియ్యి” అని తనంతట తానే ఒప్పుకున్నాడు.

నర్సింహ ఇంట్లో ‘చాలు’ అనగానే, రెండేళ్ల కింద అడిగి తీసుకుపోయిన గొంగడి బయటికొచ్చింది. అంజయ్య ఇంట్లో నాలుగేళ్లుగా కనబడని గొడ్డలి దొరికింది. గోపమ్మ గొంగడి భుజాన వేసుకుని, గొడ్డలి చేత పట్టుకుని నడుస్తూ, ఈ మాట పదేళ్ల కిందనే నేర్పించి ఉంటే ఇల్లు నిండేది కదా అనుకుంది.

ఆఖరున బాలనర్సమ్మ ఇల్లు. జమ్మి ఇవ్వడానికి ఊరంతా వచ్చి, కాళ్లు మొక్కి, “కడుపు నిండింది అవ్వా” అని వెళ్లిపోయింది. గంప నిండా బొబ్బెర గారెలు అట్లాగే ఉన్నాయి. ముసలమ్మ నాలుగు పెట్టింది. మల్లప్ప నాలుగూ తిన్నాడు.

“జరంత ఎయ్ అవ్వా.”

గోపమ్మకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచి పడ్డ పాటంతా గంగలో కలిసింది. కోపంగా మొగుడి మొహం చూసింది. ఆయనకు చెమటలు పడుతున్నాయి. ఒక్కో ముక్కను మంచినీళ్లతో మందు మింగినట్టు మింగుతున్నాడు. ముసలమ్మ మాత్రం గోడకు ఆనుకుని, పెళ్లి భోజనాలు పెట్టిస్తున్న పెద్దమనిషిలా కూర్చుని ఉంది.

“నిరుటికంటె రెండు సోలలు ఎక్కువ రుబ్బిన బిడ్డా, నువ్వొస్తవని” అని ఇంకో నాలుగు తేవడానికి లేచింది.

“గోలీ మింగినవు గద?” గోపమ్మ గుసగుసగా అడిగింది.

“మింగిన. ఆకలి జరంత గూడ లేదు.”

“మరి గిదేంది?”

“పొద్దుగాల్ల నుంచి పొయ్యికాడ కూసున్నది. వచ్చినోళ్లంత సాలు, సాలు అనుకుంట పోయిండ్రు. నేను గూడ అంటే మళ్ల యాడాది ఎవలకోసం వండుతది?”

గోపమ్మకు సిగ్గేసింది. ఏటా తాను అడిగిన మాట గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. గొంగడి దించి, గొడ్డలి గోడకు ఆనించి, మొగుడి పక్కన చతికిలబడి ఆయన విస్తరి సగం తనవైపు లాక్కుంది. మల్లప్ప వద్దనలేదు.

“అవ్వా, నాకు గూడ జరంత ఎయ్” అంది.

వారం తర్వాత ఇద్దరూ మళ్లీ కాంటా ఎక్కారు. మల్లప్ప ఇంకో కిలో తగ్గాడు, గోపమ్మ ఒక కిలో పెరిగింది. ఆ లెక్క విని, “నీకేమైందమ్మా?” అని డాక్టరు అడిగాడు.

“ఏం లేదు సారు. ఆయన పండుగ జరంత నేను గూడ తిన్న” అంది గోపమ్మ.