చీరెకు ఎన్ని మూటలు

ఇది మహాభారతమంత కథ, సర్దుకుని కూర్చోండి. కాదులెండి, హిందూపురంలో రైలెక్కి ధర్మవరంలో దిగేలోపు విన్న నాలుగు మాటలు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, వేరుశనగ, అదే మావైపు చెనక్కాయ, ధర పెరిగిన ఏడాది అది. నా ఎదురుగా కూర్చున్న రైతు దేని ధరనూ రూపాయల్లో చెప్పడు, చెనక్కాయ మూటల్లోనే చెబుతాడు. పెళ్లినాడు భార్యకు ఇస్తానన్న పట్టుచీరె కొనడానికి ఇన్నేళ్లకు బయల్దేరాడు. ఆమె పక్కనే ఉంది.

"ఇంగ్లీషు దొరల సీమదేశంలో మన చెనక్కాయకు గిరాకీ వచ్చిందంటప్పా. నిరుడు ఆరు మూటల చీరె ఈ తూరి మూడిటికే వస్తాది," అన్నాడు నాతో.

కిటికీ పక్కనున్న ధర్మవరం నేతగాడు నవ్వాడు. "దుడ్లు నీకొక్కనికే వచ్చినాయా మామా? చెనక్కాయోళ్లంతా చీరెలకే వస్తాండారు. మగ్గాలేమో నిరుడు ఉన్నన్నే. బియ్యం, కూలి, చీరె, అన్నీ ఎక్కినాయి. ఐదు మూటలన్నా పెట్టల్ల."

రైతు విల్లు పారేసిన అర్జునుడిలా కూలబడ్డాడు. "అట్లయితే ధర తగ్గినాక కొందాంలే. పెనుకొండలో దిగి ఎనక్కి పోదాం పా," అన్నాడు భార్యతో.

"చీరె తగ్గేటప్పటికి చెనక్కాయ గూడా తగ్గుతాది. అప్పుడు మళ్లా పెరగనీ అంటావు. నా చీరె సంగతి ఆ సీమదొరలకేం తెలుసు?" అంటూ ఆమె ఆయన నడుముకున్న డబ్బు సంచి విప్పి తన కొంగున ముడేసుకుంది.

పెనుకొండ వచ్చింది, పోయింది. ఇద్దరూ దిగలేదు.

వేరుశనగ ధర పెరిగిందని పత్రికలో చూసినప్పుడల్లా నాకు ఆ కొంగుముడే కనిపిస్తుంది. అన్నట్టు, ఆ నేతగాడు చెప్పిన మాట: పట్టుచీరెకు అప్పుడప్పుడూ మడత మార్చాలి. లేకపోతే మడత దగ్గరే చిరుగుతుంది.