గొడుగు కార్డుతో వచ్చిన గొడవ

నోరు శుభ్రంగా పనిచేస్తున్న ఒక పెద్దాయనకు మాట పోయిందని తేల్చి, ఇంటికి వెళ్లకుండా అడ్డుపడిన మహాతల్లిని నేనే. ఆ ఘనకార్యం వింటే చదువు మీద మీకున్న కాస్త గౌరవం కూడా పోతుంది. అయినా చెబుతాను.

పక్షవాతం వచ్చినవాళ్లకు మాట నేర్పే పనిలో చేరి తెనాలి నుంచి కోలారు బంగారు గనుల దగ్గరి రాబర్ట్‌సన్‌పేట వచ్చాను. అక్కడి చిన్న ఆసుపత్రిలో వాళ్లకోసం అప్పుడే ప్రత్యేక వార్డు తెరిచారు. తెల్లకోటు తొడుక్కుని, బొమ్మల కార్డులు పట్టుకుని, దండయాత్రకు బయల్దేరిన సేనాపతిలా వార్డులోకి అడుగుపెట్టాను.

నా మొదటి రోగి దానియేలప్ప, బంగారు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మూతి వంకరపోగానే కొడుకు పరుగున తీసుకొచ్చాడు కాబట్టి మందు పనిచేసింది. మూతి సర్దుకుంది, చెయ్యి లేచింది. మర్నాడే చర్చిలో మనవరాలి పెళ్లి.

"మాట బాగుందని మీరంటే ఇప్పుడే పంపేస్తాను," అన్నాడు డాక్టరు.

గొడుగు బొమ్మ చూపించాను. "ఇదేమిటి తాతగారూ?"

"కొడె."

కొడతానంటున్నాడనుకుని ఒకడుగు వెనక్కి వేశాను. దువ్వెన చూపించాను.

"సీపు."

చీపురనబోయి చివరి అక్షరం మింగేశాడు, పాపం! అదైనా తప్పే కదా. తాళంచెవి చూపించాను.

"సావి."

గబుక్కున కార్డు దించేశాను. "చావు మాటలెందుకు తాతగారూ? మీరు మనవరాలి పెళ్లి చూడాలి!"

"పెండ్లికే గదమ్మా పోతాననేది! ఇంగ యాడికి పోతా?"

చూశారా, మాటకు మాట పొంతన లేదు! వెళ్లి డాక్టరుతో చెప్పేశాను: "మాట కుదురుకోలేదు. ఇంకో వారం ఉంచాలి." ఆడలేక మద్దెల ఓడన్నారట. నేను వినలేక నాలుక వంకరన్నాను.

కబురు తెలిసి ఆయన భార్య రాహేలమ్మ ఊడిపడింది.

"ఏందమ్మా, మా ఆయనకి మాట రాలేదా? పొద్దున్నించి నన్ను తిడతానే ఉండాడే!"

"తిట్లు వేరమ్మా. మాట పోయినా అవి మెదడులో ఇంకో పక్కనుంచి వచ్చేస్తాయి."

"అట్లనా? పెండ్లైనప్పట్నించి ఆ పక్కనుంచే మాట్లాడతా ఉండాడు."

ఆరోగ్యవంతులు ఎలా చెబుతారో చూపిద్దామని ఆవిడ ముందే కార్డులు పెట్టాను.

"కొడె. సీపు. సావి," అంది గుక్క తిప్పుకోకుండా.

భార్యాభర్తలిద్దరికీ మెదడులో ఒకేచోట రక్తం గడ్డకట్టిందా దేవుడా!

వెనక నుంచి కిసుక్కున నవ్వు. డాక్టరు! ఆయన పుట్టిపెరిగింది ఈ జిల్లాలోనే, వేమగల్‌లో.

"గొడుగుని కన్నడంలో కొడె అంటారండీ. దువ్వెనా తాళంచెవీ తమిళంలో సీపు, సావి. ఈ ఊళ్లో ఒక్క వాక్యంలో మూడు భాషలు కాపురం చేస్తాయి."

రాహేలమ్మ ఊరుకుందా? కార్డులు లాక్కుని నా ముందు పట్టుకుంది.

"నువ్వు చెప్పమ్మా, ఇదేమి?"

"గొడుగు."

"ఇది?"

"దువ్వెన."

"ఇది?"

"తాళంచెవి."

ఆవిడ నావైపు జాలిగా చూసి డాక్టరు వైపు తిరిగింది. "అయ్యో, చిన్న వయసు! ఈయమ్మకి ఎప్పుడొచ్చింది సామీ, స్ట్రోకు?"

దానియేలప్ప మంచం మీద పడి పడి నవ్వాడు. ఆ సాయంత్రమే ఇంటికి బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ రాహేలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రేపు పెండ్లికి రామ్మా. నలుగురితో మాట్లాడితే నీకూ మాట సక్కబడతాది."

వెళ్లాను. కడుపునిండా తిన్నాను. చర్చి మెట్ల మీద నిలబడి, తెల్లకోటు మీద ఒట్టేసి శపథం చేశాను: ఇకమీదట కోలారు జిల్లాలో ఎవరి నాలుక జోలికి వెళ్లాలన్నా, ముందు నా చెవులు రెండూ చూపించుకుని వస్తాను!