ఇంగ్లీషులో రాసిన నీళ్ళ అర్జీ

మొన్న మా మనవరాలు వరండాలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఇక్కడే బాన్సువాడలో, కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఒళ్ళో పేపర్ల కట్ట, పక్కన చల్లారి మీగడ కట్టిన చాయ్. మాటిమాటికీ నిట్టూరుస్తుంటే ఏమైంది తల్లీ అని అడిగాను. "ఏం చెప్పాలె తాతా, ముప్పై మంది రాస్తే ముప్పై మందీ మానవ జీవితంల నీళ్ళు చాలా ముఖ్యం అనే మొదలువెట్టిండ్రు. చదివి చదివి పానం ఇసిగింది," అంది. నలభై ఏళ్ళు ఇదే పని చేసి రిటైరైన ముసలివాణ్ణి, ఆ మాటకు నవ్వాలి. నవ్వు రాలేదు. నడుము నొప్పి అని చెప్పి లోపలికి వెళ్ళి పడుకున్నాను. ఆ వాక్యం నేనూ ఒకప్పుడు రాశాను. మొదట రాసింది పరీక్షలో కాదు, అదే వచ్చిన చిక్కు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళుంటాయి. నిజాం రోజులు. పట్నంలో ఇంటర్మీడియట్ చదివాను. లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. ఇంగ్లీషొక్కటే ఇంగ్లీషులో. దాన్ని చెప్పడానికి మద్రాసు వైపు నుంచి ఒక సారు వచ్చేవారు. ఎండాకాలంలో కూడా కోటు విప్పేవారు కాదు. వారానికి మూడు రోజులు సాహిత్యం, రెండు రోజులు వ్యాసరచన. సాహిత్యం ఎంత అర్థం కాకపోయినా కళ్ళు మూసుకుని వినొచ్చు. వ్యాసం అలా కాదు, మనమే రాయాలి. దానికి సారు పెట్టిన కట్టుబాట్లు అన్నీ ఇన్నీ కావు. మొదట ఉపోద్ఘాతం, తర్వాత లాభాలు, తర్వాత నష్టాలు, చివర ఉపసంహారం. వ్యాసంలో ఎక్కడా 'నేను' అనే మాట కనిపించకూడదు, మన ఊరి పేరు, మన ఇంటి గొడవ అసలే రాకూడదు. "గుమ్మంలోకి రాగానే వచ్చిన పని చెప్పేవాడు బిచ్చగాడోయ్. పెద్దమనిషి కూర్చుంటాడు, లోకం సంగతులు మాట్లాడతాడు, లేచేటప్పుడు పని చెబుతాడు," అనేవారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. పల్లెటూరివాణ్ణి, పెద్దమనిషి కావాలని గంపెడాశతో ఉన్నవాణ్ణి, ఎందుకు నచ్చదు?

నచ్చితే ఏం లాభం, రెండుసార్లు ఇంగ్లీషులోనే తప్పాను. మిగతావన్నీ పాసు. మళ్ళీ మార్చిలో పరీక్ష రాసుకోవచ్చన్నారు. పట్నంలో కూర్చుని తినే స్తోమత లేదు కనుక పుస్తకాలు ట్రంకులో వేసుకుని బాన్సువాడ వచ్చి మా మేనత్త ఇంట్లో పడ్డాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. భర్త లేడు, పిల్లలు లేరు. ఊరికి పడమట పిల్లకాలువ చివర రెండెకరాల మడి, ఒక బర్రె, నేను. ఈ మూడింటిలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది నేనే. ఆ సంగతి ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆవిడే నవ్వుతూ చెప్పేది.

పొద్దున ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, నేను స్తంభానికి ఆనుకుని ఇంగ్లీషు పాఠం పైకి చదివేవాణ్ణి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవి ఒగ్గి వినేది. తర్వాత తెలుగులో చెప్పమనేది. ఒక పాఠంలో ఎవరో దొర ఏ పనీ లేకుండా కొండలవెంట నడుస్తూ పోతాడు, ఆ నడకలోని ఆనందం గురించి పది పేజీలు రాస్తాడు. అంతా విని, "పొద్దుగూకినంక ఇంటికొచ్చిండా లేదా?" అని అడిగింది. ఏమో, పాఠంలో లేదన్నాను. "గట్లెట్ల? గాయన పెండ్లాం ఎంత పరేషానైందో!" అని నొచ్చుకుంది. ఇంకోసారి మంచు కురిసే ఊరి మీద పద్యం చదివాను. "గా మంచుల వరి ఎట్ల పండుతదిరా?" అంది. నా సాహిత్యం పేపరు దిద్దినవాళ్ళెవరూ ఇంత బుద్ధిగా ఆలోచించి ఉండరు.

ఆ ఏడు వానలు మొదట్లో బాగానే పడి, నాట్లయ్యాక మొహం చాటేశాయి. నిజాంసాగర్ కాలువ ఉంది కదా అని అందరూ ధైర్యంగా ఉన్నారు. కాలువ ఉంది, నిజమే. కాని పైన ఉన్నవాళ్ళు తమ వంతు దాటాక కూడా తూము మూయకపోతే చివర ఉన్నవాళ్ళకు మిగిలేది బురద. అత్త మడికి వారం రోజులుగా చుక్క రాలేదు. వరి పొట్టకొచ్చే వేళ అది. అన్ని రోజులూ ఎలాగో ఓర్చుకునే పైరు ఆ పది పన్నెండు రోజులు మాత్రం ఓర్చుకోలేదు. అత్త రోజుకు రెండుసార్లు మడి దగ్గరికి పోయి వచ్చేది. వచ్చి కడవలోని నీళ్ళు ముంచుకుని తాగేది. ఆ రెండెకరాలే మా ఏడాది తిండి.

కాలువ కచేరీ ముందు చెట్టు కింద అర్జీలు రాసే మున్షీ ఒకాయన కూర్చునేవాడు. పేరేంది, ఊరేంది, ఏ తూము, ఏం కావాలె అని నాలుగు ప్రశ్నలడిగి ఉర్దూలో ఐదు వరుసలు రాసి చేతికిచ్చేవాడు. అత్త ఆయన దగ్గరికే బయలుదేరింది. కాలు గడప దాటాక ఆగి నా వంక చూసింది. "ఏమిరా, కొత్తగొచ్చిన ఇంజినీర్ సాబు ఇంగ్లీషు చదువుకొచ్చిండట గద. అందరూ ఉర్దూల ఇస్తరు, ఎవలు చూస్తుండ్రు? నువ్వు ఇంగ్లీషుల రాయి. ఇంట్ల ఇంత సదువు పెట్టుకొని బయట తిరుగుడెందుకు?" అంది. నాకు ఒళ్ళు పొంగిపోయింది. రెండుసార్లు తప్పినవాడి చదువును చదువు అని పిలిచిన మనిషి భూమ్మీద ఆవిడొక్కతే.

ఒక రోజంతా కూర్చుని రాశాను. తెల్లకాగితాలు, కొత్త పాళీ, బజారు నుంచి నీలి సిరా. మానవ జీవితంలో నీటికి ఎంతో ప్రాముఖ్యం ఉందని మొదలుపెట్టాను. ప్రపంచంలోని గొప్ప నదులన్నీ ఏకరువు పెట్టాను. నీటి వల్ల లాభాలు ఒక పేజీ. నీరు ఎక్కువైతే వరదలు, జ్వరాలు, అవి నష్టాలు. కాలువలు తవ్వించిన ప్రభువుల దూరదృష్టిని మెచ్చుకున్నాను. చివర, నీరు సకాలంలో అందరికీ చేరిన నాడే రైతు ముఖాన చిరునవ్వు పూస్తుందని ఉపసంహారం చేశాను. అంతే. 'నేను' లేదు, అత్త లేదు, తూము లేదు, రెండెకరాలు లేవు. పని చెప్పే చోటు వచ్చేసరికి పెద్దమనిషిలా లేచి వచ్చేశాను. కొండంత రాగం తీశానే కాని పాట పాడనే లేదు. అప్పుడు ఆ ఆలోచనే తట్టలేదు మరి. రాసింది మూడుసార్లు చదువుకుని నాలో నేనే మురిసిపోయాను. కింద సంతకం చేసి బాన్సువాడ అని రాశాను. అత్త కాగితాలను కళ్ళకద్దుకుని, ఎంత పొడుగ్గా ఉంది, ఇంత రాసినంక ఇగ ఇయ్యకుండ ఎట్లుంటడు అంది.

కాలువ కచేరీలో చప్రాసీ చేతికిచ్చి వచ్చాను. ఒక రోజైంది, మూడు రోజులైంది. ఆరో రోజు, ఇంకోసారి పోయి అడుగుదామా అంది అత్త. పెద్ద కాగితం కదా, చదవడానికి టైము పడుతుందన్నాను. ఆ మాటన్నవాణ్ణి ఇప్పుడు దొరికితే చెంప పగలగొడతాను. మడిలో నెర్రెలు బారాయి. తొమ్మిదో రోజు ఆవిడ, తండా నుంచి పిలిపించిన ఇద్దరు ఆడవాళ్ళు, నేను, వాగు గుంటలోంచి కడవలతో నీళ్ళు మోశాం. రెండెకరాలకు కడవ నీళ్ళు ఏ మూలకు? సాయంత్రానికి మా భుజాలు వాచాయి, మడి తడవలేదు.

పన్నెండో రోజు చప్రాసీ ఇంటికొచ్చాడు, సాబు రమ్మంటున్నాడని. అత్త నా కమీజు మీద దుమ్ము దులిపి మరీ పంపింది. ఇంజినీరు చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. లేచి నాతో చేయి కలిపాడు. కుర్చీ చూపించాడు. నా వ్యాసం ఆయన బల్ల మీదుంది. అక్కడక్కడా పెన్సిలుతో చిన్న చిన్న దిద్దుబాట్లు, చివర 'చాలా బాగుంది' అని ఇంగ్లీషులో ఒక మాట. ఈ ఊళ్ళో ఇంత ఇంగ్లీషు రాసేవారున్నారని తనకు తెలియదని ఉర్దూలో ఎంతో ప్రేమగా అన్నాడు. ఇంటికొచ్చిన స్నేహితులకు చదివి వినిపించాడట. కాలేజీలో ఏ సంవత్సరమని అడిగాడు. నౌకరీ కోసమైతే సిఫారసు రాస్తానన్నాడు. నేను నీళ్ళు నమిలి, నమిలి, చివరికి, "సాబ్, అది నీళ్ళ కోసం అర్జీ," అన్నాను. ఆయన కాగితాలు తిరగేసి మళ్ళీ మొదటి నుంచి చూశాడు. "ఇందులో పొలం ఎక్కడుంది?" అని అడిగాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. అత్త పేరు, ఊరు, ఏ తూము, ఎన్నాళ్ళయింది, మున్షీ అడిగే ప్రశ్నలే వరసగా అడిగాడు. వెంటనే మనిషిని గుర్రమెక్కించి పైన తూములు మూయించాడు. నా కాగితాలు నా చేతికే తిరిగిచ్చాడు.

తెల్లారేసరికి మడిలో నీళ్ళు. అత్త సంతోషం చూడాలి! చీర కుచ్చెళ్ళు ఎగదోసి నీళ్ళలో నిలబడి దారిన పోయేవాళ్ళను కేకేసి పిలిచింది. "మా పోరడు ఇంగ్లీషుల రాసిండు, సాబు కుర్సీలకెళ్ళి లేసి చెయ్యి గలిపిండట! చూడుండ్రి, నీళ్ళెట్లొచ్చినయో!" చుట్టుపక్కల రైతులు నన్ను చూసి మర్యాదగా తల రుమాళ్ళు సర్దుకున్నారు. పైరు రెండు రోజుల్లో పచ్చబడింది. బతుకమ్మ పండుగ నాడు నాకు నైవేద్యపు సద్దిలో పెద్ద ముద్ద పెట్టింది. కచేరీలో నిజంగా ఏం జరిగిందో ఆ రోజే చెబుదామనుకున్నాను. ఆవిడ మొహం చూసి నోరు రాలేదు. పంట చేతికొచ్చాక నవ్వుతూ చెప్పుకోవచ్చులే అని సర్దిచెప్పుకున్నాను.

వెన్నులు వచ్చాయి. తెల్లగా, నిటారుగా, గాలికి తేలిగ్గా ఊగుతూ వచ్చాయి. గింజ పడిన వెన్ను వంగుతుంది; మాది ఒక్కటీ వంగలేదు. అత్త ఒక వెన్ను దూసి అరచేతిలో నలిపి ఊదింది. అంతా తాలు, పొట్టు ఎగిరిపోయింది, చేతిలో ఏమీ మిగల్లేదు. నేను పక్కనే నిలబడ్డాను. ఇప్పుడైనా చెప్పరా అని లోపల ఎవరో పొడుస్తున్నారు. ఆవిడే ముందు మాట్లాడింది. "పోనీతియ్యి కొడుకా. నీ అర్జీ పనిచేసింది, నా నసీబే పనిచెయ్యలే," అంది. నా తల నిమిరి, బర్రెకైనా మేత అయితది అని కొడవలి తెమ్మంది.

ఆ ఏడంతా జొన్న రొట్టె, పచ్చి మిరపకాయ తిని బతికాం. మార్చిలో మూడోసారి పరీక్ష రాశాను. వ్యాసం ప్రశ్న 'వ్యవసాయానికి నీటి వసతి'. చెప్పడానికి సిగ్గుగా ఉంది: ఇంజినీరు పెన్సిలు దిద్దుబాట్లతో సహా అదే వ్యాసం అక్షరం పొల్లు పోకుండా దించేశాను. పాసయ్యాను. మంచి మార్కులతోనే పాసయ్యాను. ఆ ఇంగ్లీషే తర్వాత నాకు అన్నం పెట్టింది. నా దగ్గర చదువుకున్న పిల్లలకు మాత్రం, ఏం కావాలో మొదటి వాక్యంలోనే అడగండ్రా అని చెప్పేవాణ్ణి. పరీక్షలో మార్కులు తగ్గి వాళ్ళు నన్ను తిట్టుకునేవారు. తిట్టుకోనీ.

అత్త ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. ఊళ్ళో ఎవరికి కచేరీ పని పడినా నా దగ్గరికే పంపేది, నా ఇంగ్లీషుకు నీళ్ళొచ్చిన కథ ముందు చెప్పి మరీ పంపేది. విన్నప్పుడల్లా నాకు చచ్చినంత పనయ్యేది. పరీక్ష అయ్యాక చెబుదామనుకున్నాను, నౌకరీ వచ్చాక చెబుదామనుకున్నాను, మంచి పంట ఒకటి ఇంటికొచ్చి ఆవిడ మనసు కుదుటపడ్డాక చెబుదామనుకున్నాను. అత్తా, తప్పు నీ నసీబుది కాదు, నాది అని. నాలుగు మాటలు. నేను పక్క జిల్లాలో పాఠం చెబుతుండగా కబురొచ్చింది. బస్సు పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయింది. పోయేముందు కూడా నా నసీబు గింతే అన్నదట, పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత అరవై ఏళ్ళు బతికాను, వాటిలో ఎన్నో పాడుచేసుకున్నాను, వేటికీ పెద్దగా బాధ లేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని వినడానికి సిద్ధంగా ఉన్న ఆ నాలుగేళ్ళు మాత్రం ఎవరైనా తిరిగి ఇస్తే బాగుండును.