స్కేలు కింద ఇనుప పలుకు

పదేళ్లు దాటింది. మా ఇంట్లో అన్నిటికన్నా బరువైన వస్తువు ఏదంటే, వెనక రేకుల షెడ్డులో ఉన్న ఇనుము చెక్కే పాత లేతు మిషన్ అని అందరూ అంటారు. కాదు. ఒకరోజు దాని బెడ్డు అనే పొడవాటి ఇనుప పీట మీద, ఇనుప స్కేలు కింద, నేను పెట్టిన ఇనుప రజను పలుకు. మినపగింజలో సగం కూడా లేదు. దాన్ని ఇన్నాళ్లు మోశాను. మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. మీకెందుకు చెబుతున్నాను? మీరు మా దుకాణానికి రారు కాబట్టి కావచ్చు.

నాగర్‌కర్నూల్‌లో మాది ఇనుప సామాన్ల దుకాణం. కొత్తిమీర కొంటే కరివేపాకు కొసరు పడందే సంచి మూయని ఇల్లు మాది. మా నాన్న బేరానికి ఒక్కటే నియమం పెట్టాడు: మాల్‌ను ఎంతైనా తిట్టు, మనిషిని తిట్టకు. ఆ నియమం తప్పలేదనే చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. మా వాళ్లలో నాకొక్కడికే ఇంకో పిచ్చి ఉంది. పాత మిషన్లు. ఇనుము బిగించే వైసు తుప్పు పట్టింది దొరికితే కిరసనాయిల్లో నానబెట్టి, విప్పి, కడిగి, మళ్లీ తిరిగేలా చేస్తే తప్ప నాకు అన్నం సయించదు.

ఖిల్లా ఘణపూర్‌లో వీరాచారి తన లేతును అమ్ముతున్నాడని తెలిసి పోయాను. ఆయన కళ్లకు పొరలు వచ్చాయి. పెద్ద మిషన్ ఇక వద్దు, చేతిపనులు మాత్రం మానను అన్నాడు. మిషన్‌ను చూడగానే నా నోరు ఊరింది. అద్దంలాంటి బెడ్డు. గేర్ల సందుల్లో కూడా మురికి లేదు. అంత మంచి సరుకులో తప్పు పట్టడం ఎలా? దొరకలేదు. అందుకే చేశాను. ఆయన తలుపు వైపు తిరిగి భార్యను చాయ్ అడుగుతుండగా, స్కేలును బెడ్డు మీద పరిచి, నేల మీది రజనులోంచి తీసిన ఆ పలుకును దాని నడుమ కిందికి తోశాను.

"కాకా, జర ఇటు రా. స్కేలు మీద చెయ్యి పెట్టు."

పెట్టాడు. స్కేలు టక్కుమని ఊగింది.

"ఏంది సేటూ గిది?"

"నన్నడుగుతవేంది? బెడ్డు వంకరవోయింది. గిది పాతినుము తూకానికి వోయే మాల్."

"గట్లెట్లయితది? మొన్ననే పిండి గిర్నికి షాఫ్టు చేసిచ్చిన."

"చేసిచ్చినవ్ తియ్యి. అది సక్కగున్నదో లేదో కండ్లకు ఆనాలె గద!"

లోపలినుంచి ఆయన భార్య, "మీ బేరం తెగేలోపు నా చాయ్ నీళ్లయితది," అంది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. స్కేలును ఇంకోసారి నొక్కాడు. టక్. ఇంకోసారి.

"అయితే ఇన్నొద్దుల సంది జనానికి వంకర పనే చేసిచ్చిన్నా సేటూ?"

ఏమన్నాను? దగ్గాను. స్కేలు తీసి, గుడ్డతో బెడ్డు తుడిచాను. పలుకు ఎగిరిపోయింది. నోరు తెరిస్తే బేరం పోతుందని మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పుతారు. చూపు తగ్గినప్పటినుంచి తన చేతి మీద ఆయనకు లోలోపల అనుమానం ఉండే ఉంటుంది. నేను దానికి చప్పుడిచ్చాను, అంతే. అంతేనా?

మిషన్ తూకానికే వచ్చింది. తర్వాత బిజినేపల్లిలో ఒక బోరు మెకానిక్ మాటల్లో అన్నాడు, చారి ఇప్పుడు కొడవలికి కూడా పదును పెట్టడం లేదట, తన చెయ్యి వంకర అంటున్నాడట. నేను బస్సు వచ్చిందని అబద్ధం చెప్పి లేచాను.

ప్రతి ఆదివారం ఆ లేతును తుడిచి నూనె పోస్తాను. తుడిచిన ప్రతిసారీ స్కేలు పెట్టి చూస్తాను, ఏ మూలైనా నిజంగానే వంకర ఉండకపోతుందా, నా అబద్ధం కనీసం సగమైనా నిజం కాకపోతుందా అని. ఎంత నీచమైన ఆశో చూడండి. వెంట్రుక దూరే సందు లేదు.

ఈ మధ్య ఒక గిర్ని యజమాని విరిగిన షాఫ్టు తెచ్చి, అచ్చం ఇట్లాంటిదే చేసిమ్మన్నాడు. అది చారి చేసినదట, కళ్లకు పొరలు వచ్చాక. దాన్ని మిషన్‌కు బిగించి, కొలిచే ముల్లు ఆనించి తిప్పాను. ముల్లు కదలలేదు, అంటే వెంట్రుకంత వంకర కూడా లేదు. నేనే గట్టిగా ఊపిరి పీల్చితే కదిలేంత సున్నితమైన ముల్లు అది. మసక కళ్లతో చేసిన పని. మిషన్ ఆపి షాఫ్టు విప్పాను. ఈ సంగతి తెలియాల్సింది నాకా?

మరుసటి పొద్దున ఘణపూర్ బస్సెక్కాను, షాఫ్టు సంచిలో పెట్టుకుని. ఆపరేషన్ అయినట్టుంది, ఆయన కళ్లద్దాలు పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. చెప్పేశాను. పలుకు, స్కేలు, గుడ్డ, ఆయన షాఫ్టు మీద కదలని ముల్లు, అంతా. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "మల్ల జెప్పు," అన్నాడు. మళ్లీ చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది. మిషన్ తిరిగి పంపిస్తానన్నాను. ఆ మాట అంటూనే ట్రాలీ కిరాయి ఎవరు పెట్టుకోవాలా అని నా బుర్ర లెక్క మొదలుపెట్టింది. సిగ్గుతో చెబుతున్నాను, కిరాయి కూడా నాదే అన్నాను. ఆయన నా సంచిలోంచి షాఫ్టును తీసి ఒళ్లో పెట్టుకుని, ఈ కొసనుంచి ఆ కొసదాకా బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"పో," అన్నాడు.

లేచాను. వీధిలోకి దిగాక వెనకనుంచి వినిపించింది, భార్యతో, "అటుక మీది డబ్బా దించుతవా? ఆకురాయి గందులనే ఉండాలె."

నేను తిరిగి చూడలేదు. చూసే హక్కు లేదనిపించింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి, షాఫ్టు విరిగిన కొస మీద ఆకురాయి చప్పుడు మొదలైంది. మొదట తడబడుతూ. తర్వాత ఒకే లయలో.