మేనత్త కట్టెల పాక

మొన్న విశాఖపట్నంలో మనవరాలితో ఒక పెద్ద దుకాణానికి వెళితే, అక్కడ వంటకట్టెలు ప్లాస్టిక్ కాగితంలో బిగించి, ధర చీటీ అంటించి అమ్ముతున్నారు. కాగితం లోపల నీటి చెమట పట్టి ఉంది. ఆ కట్టను పట్టుకుని నేను చాలాసేపు నిలబడిపోయాను. నాకు కాళ్లు నొప్పి పుట్టాయనుకుంది మనవరాలు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులు. ఎస్సెల్సీ ముగించి, టైపు నేర్చుకుంటూ, చోడవరంలో మా మేనత్త ఇంట్లో ఉండేవాణ్ణి. మామయ్య పోయాక ఆమె పన్నెండు మందికి నెలవారీగా భోజనాలు పెట్టి బతికేది. అందరూ బడి పంతుళ్లు, తాలూకా కచేరీ గుమాస్తాలు. తొమ్మిదిన్నరకల్లా విస్తరి ముందు నుంచి లేవాల్సినవాళ్లు. బజారులో కాఫీ హోటలువాళ్లు భోజనాలు కూడా మొదలుపెట్టారని తెలిసినప్పటి నుంచి, అత్త తొమ్మిదికే ఆకులు వేసేది.

ఆ పొయ్యికి ఏడాది కట్టెలు వేసవిలోనే దేవరాపల్లి వైపు నుంచి బళ్ల మీద వచ్చేవి. వాటిని పేర్చే పని అత్త ఎవరికీ వదిలేది కాదు. పెరటి పాకలో నేల తగలకుండా రాళ్ల మీద వాసాలు వేసి, ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, చెయ్యి దూరేంత సందులు వదిలి, గోడకు జానెడు దూరంలో పేర్చేది. రెండు కర్రలు తట్టి వినేది. ఎండినవి ఖంగుమనేవి, పచ్చివి మూగగా ఉండేవి. మధ్యాహ్నం ఆ పాకలో కూర్చుంటే సందుల్లోంచి గాలి, గాలితో పాటు వెలుగు చారలు, ఆరుతున్న చెక్క వాసన. పుస్తకం తెరిచి అక్కడే నిద్రపోయిన రోజులెన్నో.

ఒక వేసవి చివర అత్త కె.కోటపాడులో కూతురి పురిటికి వెళ్లింది, వంటకు దూరపు చుట్టం ఒకావిడను పెట్టి. అత్త లేనప్పుడు ఇంకో రెండు బళ్ల కట్టెలు, అవీ పచ్చివి, దిగాయి. పాకలో చోటు లేదు. నాకు తెలివి పుట్టింది. పాత వరసలు విప్పి, వెనక గోడకు ఆనించి సందన్నది లేకుండా బిగించి, పచ్చివి ముందు నింపాను. పట్టదనుకున్నదంతా పట్టింది. అత్త మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

అత్తకంటే ముందు వాన వచ్చింది. వంటింట్లోకి చేరవేసి ఉంచిన కట్టెలు ఆమె వచ్చేదాకా సరిపోయాయి. మర్నాడు పొయ్యిలో పెట్టిన కర్ర మండలేదు. కొసల నుంచి నురగ కక్కింది. ముందు వరసలు లాగి చూస్తే, వెనకవి గోడ చెమ్మ పీల్చి బూజు పట్టి ఉన్నాయి.

"కర్రకి గాలాడక్కర్లేదేట్రా? బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కీసేవు," అంది అత్త, ఊదుగొట్టం పక్కన పెట్టి.

తొమ్మిదిన్నర దాటింది. పన్నెండు మందీ వసారాలో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు. "ఏటమ్మా, ఇయ్యేల మాకు పొగే వొడ్డిస్తావేటి?" అన్నాడొక గుమాస్తా. అందరూ నవ్వారు, అత్త కూడా. కాని ఆ వారమంతా అలాగే జరిగింది. ముగ్గురు పంతుళ్లు హోటలుకు వెళ్లడం మొదలుపెట్టారు.

ఎండ కాసాక ఇద్దరం కట్టెలన్నీ ఆరబెట్టి, మళ్లీ సందులు వదిలి పేర్చాం. నెలాఖరు దాకా అత్త ఆ ముగ్గురికీ ఆకులు వేస్తూనే ఉంది. బియ్యం పన్నెండు మందికే పోసేది. నేను వడ్డిస్తూ ఆ మూడు ఆకుల దగ్గర అలవాటుగా వంగి, నిండు గరిటెతోనే లేచేవాణ్ణి. నెల మారిన రోజు తొమ్మిదే వేసింది.

ఇప్పుడు మా వంటింట్లో మీట తిప్పితే నీలం మంట లేస్తుంది. అదెంత సుఖమో పొగ తిన్న కళ్లకు తెలుసు, కాదనను. కాని వేళకు రాని మనిషి కోసం ఆకు వేసి ఉంచే వంటిల్లు కూడా ఆ పొగతో పాటే ఎటో వెళ్లిపోయింది.