గేటు దగ్గర ఎర్ర గీత

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టర్‌గా చేశాను. పట్టాల మీద చూడాల్సినవీ చూడకూడనివీ అన్నీ చూశాను. అంత సర్వీసులో నన్ను వణికించినవాళ్ళు, చెప్పకుండా తనిఖీకి దిగిపోయే అధికారులు మాత్రమే.

ఇప్పుడు రాస్తున్న సంగతి కాశీబుగ్గలో టీ కొట్టు దగ్గర చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరిగింది. ఒకసారి బొమ్మ ఇంజను దానంతటదే కూత పెట్టిందన్నాను. ఇంకోసారి బొమ్మ గేటు దానంతటదే పడిందన్నాను. కూత అబద్ధం, నా ఇంజనుకి కూత లేదు. గేటూ పడలేదు. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఈసారి జరిగిందే రాస్తాను.

రిటైరయ్యాక మా ముందు గదిలో ఒక బొమ్మ రైల్వే కట్టుకున్నాను. రెండు వందల అడుగుల పట్టాలు. అంటే అందరికీ అలా చెబుతాను గానీ, కొలిస్తే తొంభై దాటవు. ప్లైవుడ్ బల్ల మీద పలాస ప్లాట్‌ఫారాలు, జీడి తోటలు, ఒక లెవెల్ క్రాసింగు.

రైళ్ళను నడిపేది కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్. తెర మీద పట్టాలన్నీ గీతలుగా కనబడతాయి. పట్టాలను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకి బల్ల కింద నుంచి ఒక్కో తీగ ఇచ్చాను. ముక్క మీద ఇంజను నిలబడితే కరెంటు లాగుతుంది. ఆ సంగతి తీగ ద్వారా ఒక చిన్న కార్డుకీ, కార్డు నుంచి కంప్యూటర్‌కీ చేరుతుంది. తెర మీద ఆ గీత ఎర్రబడుతుంది. ఖాళీగా ఉంటే తెల్లగీత. ఎర్రగా ఉన్న ముక్కలోకి సాఫ్ట్‌వేర్ ఇంకో రైలును పోనివ్వదు.

గేటును మాత్రం నేను కంప్యూటర్‌కి వదల్లేదు. అది కూర్మయ్యది.

కూర్మయ్య ఒక చిన్న స్టేషన్లో నా దగ్గర పదకొండేళ్ళు గేట్‌మన్‌గా చేశాడు. చుట్టరికం లేదు, బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఉద్దానంలో, సొంత ఊళ్ళో ఉంటున్నాడు. ఆ పక్క చాలామందికి లాగే అతనికీ కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుంటాడు. భార్య ఈశ్వరమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో తొక్క తీసే పనికి పోతుంది. పగలంతా ఇంట్లో అతనొక్కడే.

మా రైల్వేలో ఒక పద్ధతి ఉంది. రైలు రాబోయే ముందు స్టేషన్ మాస్టర్ గేటుకి ఫోన్ చేస్తాడు. గేట్‌మన్ గేటు వేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక రెండంకెల నంబరు చెబుతాడు. ప్రైవేట్ నంబర్ అంటారు దాన్ని. కాగితంలో అంకెలు వరసగా ఉండవు, తర్వాత ఏది వస్తుందో మాస్టర్‌కి తెలియదు. చెప్పిన నంబరును గేట్‌మన్ తన కాగితంలో కొట్టేస్తాడు, మాస్టర్ తన పుస్తకంలో రాసుకుంటాడు. ఆ తర్వాతే సిగ్నల్. నంబరు అంటే గేటు పడిందని ఒక మనిషి ఇచ్చిన మాట.

నా బొమ్మ రైల్వేలోనూ అదే పెట్టాను. రైలు గేటు దాటాలంటే తెర మీద ఒక గడి తెరుచుకుని రెండంకెలు అడుగుతుంది. నేను కూర్మయ్యకి ఫోన్ చేస్తాను. అతను తన ఇంటి అరుగు మీద కూర్చుని, చేత్తో రాసుకున్న కాగితం చూసి నంబరు చెబుతాడు.

“ఏటి బావా, ఇంకా నా సేత డ్యూటీ సేయిత్తన్నావు,” అనేవాడు.

“జీతం లేదని బాధా?”

“జీతం మాటొగ్గీ. వారానికో రెస్టయినా ఇవ్వవేటి నువ్వు?”

ఆ రోజు మధ్యాహ్నం టెక్కలి నుంచి ఇద్దరు లెక్చరర్లు నా రైల్వే చూడటానికి వచ్చారు. ఒకాయన కంప్యూటర్లు చెబుతాడు, ఇంకొకాయన ఫిజిక్స్. మా ఆవిడ పకోడీలు వేసింది. నేను మూడు రైళ్ళు తిప్పి చూపించి, అసలు గొప్ప ఇప్పుడు చూడండని కూర్మయ్యకి ఫోన్ కొట్టాను.

మోగింది. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను. ఎత్తలేదు. ఆ రోజు అతను డయాలసిస్‌కి వెళ్ళలేదని, ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలుసు.

వచ్చినవాళ్ళ ముందు పరువు పోతుందనిపించింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, నంబరు విన్నట్టు తలూపి, గడిలో అరవై మూడు అని నేనే కొట్టాను. సాఫ్ట్‌వేర్‌కి ఏ రెండంకెలైనా ఒకటే. తీసుకుంది. ఇంజను కదిలింది.

గేటుకి జానెడు దూరంలో ఆగిపోయింది.

తెర మీద గేటు ముక్క ఎర్రగా ఉంది. బల్ల మీద ఆ ముక్క ఖాళీ. కళ్ళజోడు సవరించుకుని చూశాను. వేలితో తడిమాను. పట్టాలను గుడ్డతో తుడిచాను. ఎరుపు పోలేదు.

“కార్డు పోయుంటాది మేష్టారూ,” అన్నాడు కంప్యూటర్ లెక్చరర్. బల్ల కిందకి దూరి, ఆ ముక్క తీగను కార్డు నుంచి పీకేశాడు. తీగ చేత్తో పట్టుకుని పైకి వచ్చాడు. తీగ పీకితే కబురు వచ్చే దారే లేదు, గీత తెల్లబడాలి. తెల్లబడలేదు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. మిగతా గీతలన్నీ తెల్లగా వచ్చాయి. గేటు ఒక్కటే ఎర్రగా వచ్చింది.

“ఖాళీ అని మనమే పెట్టీవచ్చు కదండీ. బటన్ ఉంటాది.”

ఉంది. మౌస్ దాని మీదకి తీసుకెళ్ళాను. నొక్కలేకపోయాను.

ఎందుకు నొక్కలేకపోయానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఆ అరవై మూడు నేను సొంతంగా పెట్టడం అది రెండోసారి.

సర్వీసులో ఒక మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ వస్తోంది. గేటుకి ఫోన్ చేస్తే కూర్మయ్య ఎత్తలేదు. రైలు ఆపితే ఎందుకు ఆపావని కాగితాలు వస్తాయి. అతను గేటు వేసే ఉంటాడులే అనుకుని, పుస్తకంలో అరవై మూడు అని నేనే రాసి సిగ్నల్ ఇచ్చాను. గేటు తెరిచి ఉంది. కొబ్బరికాయల బండి చక్రం పట్టాల మధ్య ఇరుక్కుంటే, కూర్మయ్య ఫోన్ వదిలేసి బండి కింద భుజం పెట్టి లేపుతున్నాడు. బండి గట్టెక్కింది, వెనకే ఎక్స్‌ప్రెస్ వెళ్ళింది. సాయంత్రం డ్యూటీ దిగి స్టేషన్‌కి వచ్చి, “ఇయ్యాల బండి సెప్పకుండా వచ్చీసింది బావా,” అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మౌస్ వదిలేసి లేచాను. “మీ కారులో నన్ను ఉద్దానం తీసుకెళ్తారా?” అని కంప్యూటర్ లెక్చరర్‌ని అడిగాను. ఆయన నా ముఖం చూసి తాళాలు తీశాడు. ఫిజిక్స్ ఆయన్ని తెర దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాం. దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

కూర్మయ్య తన ఇంటి దడి గేటు దగ్గర పడి ఉన్నాడు. తల లోపల, కాళ్ళు బయట, గేటుకి అడ్డంగా. ముఖం ఉబ్బిపోయి ఉంది. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఫోన్ అరుగు మీద, నంబర్ల కాగితం పక్కన మోగుతోంది. ఆటో కోసం గేటు దాకా వచ్చి పడిపోయాడని తర్వాత తెలిసింది. ఇద్దరం ఎత్తి కారులో పడుకోబెట్టి పలాస ఆసుపత్రికి తెచ్చాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

కారు ఎక్కిస్తూనే లెక్చరర్ ఆసుపత్రికి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో టైము మూడూ ఆరు. నా కంప్యూటర్ ప్రతి మార్పునీ టైముతో సహా రాసిపెడుతుంది. గేటు ముక్క ఎర్రబడింది రెండూ ఇరవై ఒకటికి, తెల్లబడింది మూడూ ఐదుకి. ఆ వేళకి తీగ ఇంకా పీకే ఉంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదని ఫిజిక్స్ ఆయనా, మా ఆవిడా చెప్పారు. ఆయన సముద్రపు తేమ అంటాడు. కావచ్చు. కంప్యూటర్ ఆయన్ని అడిగితే మాట మార్చేస్తాడు.

ఇంకొకటి మిగిలింది. ఆ రోజు కూర్మయ్య డయాలసిస్‌కి ఎందుకు వెళ్ళలేదని టీ కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే, ఆటో దొరకలేదని చెప్పేవాణ్ణి. నేనే వెళ్ళొద్దన్నాను. “లెక్చరర్లు వస్తున్నారు, నంబర్లకి నువ్వు ఉండాలి, రేపు వెళ్దువులే,” అన్నాను. ఒంట్లో బాగోలేదని అతను అన్నాడు. “మూడింటి దాకా ఓపిక పట్టు,” అన్నాను.

రెండు రోజుల తర్వాత అతను లేచి కూర్చున్నాక, మంచం పక్కన స్టూలు వేసుకుని పాతదీ కొత్తదీ రెండూ చెప్పేశాను. పుస్తకంలో దొంగ నంబరు రాశానని నేను ఇంకా అంటూ ఉండగానే అతను అందుకున్నాడు.

“అరవై మూడు.”

“నీకెలా తెలుసు?”

“ఆ నెల తనికీ వచ్చింది కదా బావా. నీ పుస్తకం, నా కాయితం పక్కపక్కన ఎట్టి సూత్తారు. దానికి ముందే స్టేషన్‌కొచ్చి నీ పుస్తకం సూసీసినాను. నా కాయితంలో అరవై మూడు నానే కొట్టీసినాను.”

స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను.

“ఎప్పుడు సెప్తావో అని సూత్తన్నాను,” అన్నాడు. “ఇంత లేటు బండి మన సర్వీసులో నేదు.”

ఈశ్వరమ్మ నావైపు చూడలేదు. రాగి జావ గ్లాసు అతనికి ఇచ్చి, “ఇకనుంచి డయాలసిస్ రోజున నీకు బళ్ళు నేవు అన్నయ్యా,” అంది. సరేనన్నాను.

ఆ తీగను మళ్ళీ కార్డుకి తగిలించాను. అది ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పు చూపించలేదు. ఆ నలభై నాలుగు నిమిషాలు ఏమిటో నాకు తెలియదు. తెలిసినట్టు ఎక్కడైనా చెబితే, పెంచి చెబుతున్నానని అనుకోండి.

మిగతా రోజుల్లో రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి. కూర్మయ్య కొన్నిసార్లు కావాలనే ఫోన్ మోగనిస్తాడు. తెర మీద గేటు తెల్లగానే ఉంటుంది. అయినా గడి ఖాళీగా వదిలి కూర్చుంటాను. ఇంజను గేటుకి జానెడు దూరంలో నిలబడి ఉంటుంది.

“ఏటి బావా, బండి ఆపీసినావేటి?” అంటాడు చివరికి.

“నంబరు చెప్పు,” అంటాను.