నవాబు కోసం నూరిన కారం

నా కళ్ళు ఇంకా ఎర్రగనే ఉన్నయి. ఎందుకని అడిగినోళ్ళకల్లా మా ఆయన "మా అక్క మీద ప్రేమ" అని చెప్తున్నడు. చెప్పనీ. మీకు మాత్రం అసలు సంగతి చెప్త.

అంతా నవాబు దయ.

నవాబు అంటే మా కుక్కపిల్ల. ఐదు నెలలది. బీదర్ బజార్ల మాకు కిరాణా దుకాణం ఉన్నది. ఎలుకలు బస్తాలు కొరుకుతున్నయని మా ఆయన దాన్ని తెచ్చిండు. వారం తిరిగేసరికి ఎలుకలు ఆగినయి. బస్తాలు అదే కొరకబట్టింది. "గిరాకీ పాడైతుంది" అని దాన్ని ఇంటికి ట్రాన్స్‌ఫర్ చేసిండు. ఇంట్ల గిరాకీ ఉండదు కదా, నేనే ఉంట!

వచ్చిన రోజు నా చెప్పు ఒకటి తిన్నది. మర్నాడు రెండోది. ఇన్సాఫ్ ఉన్న కుక్క, న్యాయంగ జోడీ విడదీయదు. తర్వాత గొడుగు పిడి, మంచం నులక, పీట కాలు. మా బిడ్డ విమల కన్నడ పుస్తకం సగం మింగింది. మా బీదర్ మైసూరు రాష్ట్రంల కలిసి ఇన్నేండ్లయినా మా ఇంట్ల కన్నడ ఒంటబట్టింది దానికొక్కదానికే. నేను నడుస్తుంటే చీర కొంగు పట్టుకొని వెనుక వేలాడేది. పెండ్లినాడు మా ఆయన కూడ అంత గట్టిగ పట్టుకోలే.

ఇంతల నాగుల పంచమి దగ్గర పడ్డది. మా దిక్కు పంచమికి ఆడబిడ్డలు పుట్టింటికి వస్తరు. మా ఆయన అక్క రాజమ్మ వదినె నిర్ణా ఊర్ల ఉంటది. మూడు పంచములాయె, రాలే. నా మీద అలిగింది. ఆమె బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే ఊరు ఊరంత ఏడ్చింది, నేను ఏడ్వలే. అరిసెల గంప మూత కనబడక వెతుకుతున్న అప్పుడు!

"మేనమామ పెండ్లానికి కంట్ల చుక్క రాలే! మనిషి కాదు, రాయి!" అన్నది వదినె అందరి ముందర.

నిజమే. నాకు మాటా తక్కువే, కన్నీళ్ళూ తక్కువే. ఆనాటి నుంచి ఆమె మా గడప తొక్కలే. తల్లి లేని మా ఆయనను సాకింది ఆమెనే. ఏటా పంచమికి ఆయన ఇంట్ల ఊయల కట్టేటోడు. ఆ ఖాళీ ఊయలను చూసి అన్నం సగంల లేచేటోడు. ఈ యేడు నిర్ణా పోయి బతిమాలిండు. "సరే, పంచమి పొద్దున వస్త. నీ పెండ్లాం మొఖం చూసినంక, ఉండాల్నో పోవాల్నో చెప్త" అన్నదంట.

మా ఆయన నాతోని ఒక్కటే మాట అన్నడు. "సుశీలా, ఈసారి అక్క తిరిగిపోతే మళ్ల రాదు."

ఇల్లు చూస్తే సగం కుక్క కడుపుల ఉన్నది. ఆమె చెప్పులన్నా దక్కాలె కదా! పక్కింట్ల పశువుల దవాఖాన కాంపౌండర్ ఉంటడు, మైసూరు పక్క మనిషి. ఆయననడిగిన. "ఖారా హచ్చి అమ్మా, సాకు" అన్నడు. కొరికే వస్తువుకు కారం పూస్తే చాలునట. వాళ్ళ దిక్కు కుక్కలు వాసనకే పరారట.

పంచమి ముందటి రోజు పొద్దున రోటి కాడ కూసున్న. ఎండుమిర్చి వేసి నూరిన. ఇగ చెయ్యి నా మాట వినలే. ఇరవై ఏండ్ల అలవాటు! ఉప్పు వేసింది. వెల్లుల్లి వేసింది. ఇంత చింతపండు కూడ వేసింది. కుక్కకు మందు నూరమంటే రొట్టెలకు నంజుకునే తొక్కు నూరిన!

పారేయ బుద్ధి కాలే. మంచం కోళ్ళకు, పీటకు, గొడుగుకు పూసిన. కట్టుకున్నది ఎర్ర చీరనే, మరక కనబడదని కొంగుకు కూడ దట్టంగ పట్టించిన. వదినె వచ్చేది రేపు. రేపటికి మంచి చీర తీసిపెట్టిన.

నవాబు వచ్చింది. పీట కాలు వాసన చూసింది. నాకింది. తుమ్మింది. మళ్ల నాకింది. మైసూరు కుక్క అయితే పరారయ్యేదేమో. ఇది బీదర్ కుక్క. జొన్నరొట్టె ఏదన్నట్టు నా దిక్కు చూసింది.

అప్పుడే వాకిట్ల టాంగా ఆగింది.

"తమ్మీ!"

వదినె! ఒక రోజు ముందుగాలనే!

కాళ్ళకు నీళ్ళిచ్చిన. కొత్త చెప్పులు విడిచి లోపలికి వచ్చి మంచం మీద కూసున్నది.  మా ఆయన ఆమె మొఖం చూస్తుండు. ఆమె నా మొఖం చూస్తున్నది. నాకేమో చెమటలు. కొంగుతోని మొఖం తుడుచుకున్న.

అమ్మా!

రెండు కండ్లల్ల నిప్పులు పోసినట్టే. మాట్లాడుదామని నోరు తెరిస్తే కేక వచ్చింది. కన్నీళ్ళు ధారలు. ముక్కు కూడ తోడయింది. తుడుచుకుందామని మళ్ల అదే కొంగు పట్టిన. తెలివి ఉంటే కథ ఇంత దూరం వస్తదా!

వదినె లేచి ఉరికొచ్చింది. "అయ్యో, ఏందే సుశీలా! నా కోసమేనా? ఇంత ప్రేమ కడుపుల దాచుకున్నవానే?"

"వదినె... కొంగు... కొంగు..."

"నేను తుడుస్త, నేను తుడుస్త." కొంగు గుంజి నా కళ్ళు శుభ్రంగ తుడిచింది. తర్వాత తన కళ్ళు తుడుచుకున్నది.

ఆమె అరుపు ఊరవతల చిద్రి దాక వినబడి ఉంటది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని ఏడుస్తుంటే మా ఆయన గుండె కరిగింది. కొంగు అవసరం లేకుండనే ఏడ్చిండు. ఆ ఇంట్ల అసలీ ఏడుపు ఆయనదొక్కటే.

గోడ అవతల నుంచి కాంపౌండర్ "యారు హోద్రమ్మా?" అన్నడు, ఎవరు పోయిండ్రని.

"ఎవ్వరు పోలే సార్! మూడేండ్ల పంతం పోయింది!" అన్నడు మా ఆయన ముక్కు చీదుకుంట.

బిందెడు నీళ్ళతోని కళ్ళు కడుక్కున్నంక మంచం కింద కరకర వినబడ్డది. వంగి చూసిన. నవాబు. దాని నోట్ల వదినె కొత్త చెప్పు. నా పానం పోయింది.

"పోనియ్యే, చెప్పుదేముంది! మనుషులు ముఖ్యం" అన్నది వదినె. నా దిక్కు ఎంత ముద్దుగ చూసిందో! తర్వాత నవాబు నోరు తెరిచి చూసింది. "పాలపండ్లు ఊడుతున్నయే దీనికి. చిగుళ్ళు సలిపితే కొరకదా? నువ్వు మంచం కోళ్ళకు కారం పూసినవా!" కొంగు కారం సంగతి మాత్రం ఆమె అడగలే, నేను చెప్పలే. పాత గుడ్డ ముడేసి, తడిపి దాని ముందర పడేసింది. నవాబు చెప్పు విడిచి గుడ్డ పట్టింది. అంతే, గప్‌చుప్. మా ఇద్దరికి మాటలుంటే నేను ఆమెను మొదటి రోజే అడిగేదాన్ని. పీటన్నా మిగిలేది.

పంచమి నాడు వదినె ఊయల ఊగింది. మా ఆయన రెండు పూటలా కడుపు నిండ తిన్నడు.

ఇయ్యాల పొద్దున ఆమె ప్రయాణం. నేను కొత్తగ కొనుక్కున్న చెప్పులు తొడుక్కొని గడపల నిలబడ్డది. నా కళ్ళల్లకు చూసింది. ఇంకా చూసింది. మా ఆయన కూడ చూస్తుండు. నా కంట్ల చుక్క లేదు. కొంగు నిన్ననే ఉతికిన.

"ఒక్క నిమిషం వదినె" అని వంటింట్లకు పోయిన. మిగిలిన తొక్కు గిన్నె రోటి పక్కన్నే ఉండాలె.

ఉన్నది. ఖాళీగ. నాకి నాకి అద్దం తీరుగ చేసింది నవాబు. ఆ అద్దంల నా మొఖం కనబడ్డది. కుక్క ఎంగిలి గిన్నెల కన్నీళ్ళు వెతుకుతున్న నలభై ఐదేండ్ల మనిషి.

అప్పుడొచ్చింది అసలీ ఏడుపు. ఆరకముందే ఉరికి పోయి వదినెకు చూపించిన.